విమానం కట్టాలంటే ముందు బెజ్జం బాగుండాలి

ప్రశ్న: రేకుతో కట్టే రెండు సీట్ల విమానం కిట్ ఆర్డర్ చేశాను. త్వరలో తోక భాగం పెట్టె వస్తుంది. కారు పెట్టుకునే షెడ్డే నా వర్క్‌షాప్. చెక్కపని బాగానే వచ్చు, రేకుపని మాత్రం ఎప్పుడూ చేయలేదు. పనిముట్ల జాబితాలు చూస్తుంటే టెన్షన్ వస్తోంది, ఒక్కోదాంట్లో వందకు పైగా ఉన్నాయి. సెట్టు మొత్తం ఒకేసారి కొనాలా? ఇంట్లో ఉన్న డ్రిల్లు, కారు రిపేరు సామాను పనికిరావా? రివెట్లు నలిపే స్క్వీజర్ చేత్తో నొక్కేది చాలా, గాలితో నడిచేదే కావాలా? రివెట్లు కొట్టేటప్పుడు మా ఆవిడ సాయం పడతానంటోంది. ఇద్దరం కొత్తవాళ్లమే, నేర్చుకోగలమా?

జవాబు: మీ ఉత్తరం చదివాక నా తోక పెట్టె వచ్చిన రోజు గుర్తొచ్చింది. పెట్టె విప్పి, రేకులన్నీ నేల మీద పరిచి, ఏ పనిముట్టు ముందు పట్టుకోవాలో తెలియక చాలాసేపు అలాగే నిలబడిపోయాను. అందుకే మీకు సూటిగానే చెప్తాను. సెట్టు మొత్తం ఒకేసారి కొనకండి. కొనే ఆ కొన్నింటిలో మాత్రం నాసిరకం కొనకండి.

ఏది ఇప్పుడు కొనాలి, ఏది ఆగొచ్చు అని తేల్చుకోడానికి నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ పనిముట్టు బెజ్జాన్ని గానీ రివెట్‌ని గానీ నేరుగా తాకుతుందా? లేదంటే నేను చేసిన పని సరిగ్గా వచ్చిందో లేదో నాకు చెప్తుందా? ఈ రెండిట్లో దేనికి అవునని జవాబు వచ్చినా మంచిది కొంటాను, ఇప్పుడే కొంటాను. రెండిటికీ కాదనిపిస్తే అది ఆగొచ్చు, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చు, ఇంట్లో ఉన్నదానితో సర్దుకోవచ్చు. రేకు విమానంలో వేల కొద్దీ రివెట్లుంటాయి, ప్రతి రివెట్టూ ఒక బెజ్జంలో కూర్చుంటుంది, బెజ్జం వంకరగా గానీ పెద్దదిగా గానీ పడితే ఆ తర్వాత మీరు ఎంత మంచి గన్ పట్టుకున్నా ఆ రివెట్ బాగుపడదు.

కొనడం మొదలుపెట్టే ముందు కిట్ పుస్తకం తీసి ఒక్క సంగతి చూసుకోండి: మీ విమానానికి వాడేవి సాలిడ్ రివెట్లా (గన్‌తో కొట్టి గానీ స్క్వీజర్‌తో నొక్కి గానీ నలిపేవి), పాప్ రివెట్లా (ఒకవైపు నుంచే లాగి బిగించేవి)? వ్యాన్స్ వాళ్ల ఆర్‌వీ-12, జెనిత్ సీహెచ్ 750 లాంటివి దాదాపు మొత్తం పాప్ రివెట్లతోనే అవుతాయి. అలాంటి కిట్ అయితే రివెట్ గన్, బకింగ్ బార్ (గన్ కొట్టేటప్పుడు రివెట్ వెనక ఆనించే బరువైన లోహపు ముక్క), నేను కింద చెప్పబోయేవాటిలో మరికొన్ని మీకు అక్కర్లేదు, మంచి పాప్ రివెట్ పుల్లర్ ఒకటి, వీలైతే గాలితో నడిచేది, దాంతో చాలావరకు పని సాగిపోతుంది. అదే ఆర్‌వీ-7, ఆర్‌వీ-8 లాంటివైతే ఎక్కువ భాగం సాలిడ్ రివెట్లే. మీరు స్క్వీజర్ గురించి అడిగారు కాబట్టి మీది ఈ రెండో రకం అనుకునే రాస్తున్నాను.

ముందు డ్రిల్లు సంగతి. ఇంట్లో ఉన్న బ్యాటరీ డ్రిల్లుతో పని అవుతుంది, అవదని చెప్పను. కానీ అల్యూమినియంలో చిన్న బెజ్జం శుభ్రంగా పడాలంటే బిట్ వేగంగా తిరగాలి, చెయ్యి తేలిగ్గా ఉండాలి. గాలితో నడిచే డ్రిల్లు నిమిషానికి రెండు మూడు వేల చుట్లు సునాయాసంగా తిరుగుతుంది, అరచేతిలో ఇమిడిపోతుంది, ట్రిగ్గర్ మెల్లగా నొక్కితే మెల్లగా తిరుగుతుంది. రోజంతా వందల బెజ్జాలు వేసేటప్పుడు ఆ బరువు తేడా మణికట్టుకి తెలుస్తుంది. అయినా డ్రిల్లు కంటే బిట్ ముఖ్యం. మీకు రోజూ కావలసినవి రెండే సైజులు. 3/32 అంగుళం రివెట్‌కి నంబర్ 40 బిట్, అంటే 0.098 అంగుళం. 1/8 అంగుళం రివెట్‌కి నంబర్ 30 బిట్, అంటే 0.1285 అంగుళం. 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ బిట్లు తీసుకోండి, అవి రేకు మీద పెట్టగానే పక్కకు జారకుండా అక్కడే పట్టుకుంటాయి. ఒకటీ రెండూ కాదు, డజను చొప్పున తెచ్చి పెట్టుకోండి.

డజన్లు ఎందుకంటే నాకు జరిగింది చెప్తాను. నా తోక భాగంలో వెనక స్పార్‌కి (బలాన్ని మోసే పొడవాటి దూలానికి) బెజ్జాలు వేసేటప్పుడు ఒకే బిట్‌ని చాలా రోజులు వాడాను. కోస్తోంది కదా అనుకున్నాను. మొద్దుబారిన బిట్ కూడా కోస్తుంది, కాకపోతే మీరు తెలియకుండానే ఎక్కువ బలం పెడతారు, అది రేకులోంచి ఒక్కసారిగా అవతలికి దూసుకుపోతుంది, బెజ్జం గుండ్రంగా కాకుండా మూడు మూలలుగా పడుతుంది, వెనకవైపు పెద్ద బర్ (అంచున లేచే పదునైన లోహపు పొక్కు) లేస్తుంది. నేను రివెట్లు పెట్టడం మొదలుపెట్టాకే ఆ సంగతి గమనించాను, చివరికి ఆ స్పార్ పక్కన పెట్టి కొత్తది తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు బిట్ మీద నాకు ఏ మాత్రం అనుమానం వచ్చినా తీసేస్తాను. తీసేసిన బిట్లను వేరే డబ్బాలో పడేయండి, మళ్లీ కొత్తవాటిలో కలవకుండా.

బెజ్జం వేశాక రెండు రేకుల్నీ కదలకుండా పట్టి ఉంచేవి క్లీకోలు. స్ప్రింగుతో పనిచేసే చిన్న పిన్నులవి, ప్రత్యేకమైన పట్టకారుతో పెడతారు. వీటి రంగే సైజు చెప్తుంది: వెండి రంగు 3/32, రాగి రంగు 1/8, నలుపు 5/32. వీటిని ఎన్ని కొన్నా ఇంకా కావాలనిపిస్తుంది. తోక వరకైతే వెండి రంగువి రెండు మూడు వందలు, రాగి రంగువి వందా సరిపోతాయి, రెక్కల దగ్గరికి వచ్చేసరికి ఇంకా కావాలి. ఇవి పాతవి కొన్నా పర్వాలేదు. తమ విమానం పూర్తి చేసిన వాళ్లు డబ్బాల కొద్దీ అమ్మేస్తుంటారు. పిన్ను వంగిపోయినవి, స్ప్రింగు వదులైనవి ఏరేయండి, అంతే.

ఇప్పుడు కొత్తవాళ్లు తేలిగ్గా తీసుకునే పని గురించి. డ్రిల్లు వేసిన ప్రతి బెజ్జం అంచునా బర్ లేస్తుంది, కోసిన ప్రతి రేకు అంచునా గీతలుంటాయి. విమానం రేకు ప్రతి ఎగురుడులోనూ వేలసార్లు సన్నగా వణుకుతుంది, ఆ వణుకుడికి పగులు మొదలయ్యేది ఇలాంటి గీత దగ్గరే. అందుకే డీబర్ చేయడం, అంటే ఆ బర్‌నీ గీతల్నీ తీసి నున్నగా చేయడం, అందం కోసం చేసే పని అనుకోకండి. బెజ్జాలకి చేత్తో తిప్పే డీబర్ పనిముట్టు చాలు. ఒకటీ రెండు చుట్లు, అదీ తేలిగ్గా. మరీ నొక్కి తిప్పితే పల్చటి రేకులో బెజ్జం అంచు గరాటులా అయిపోతుంది, అది బర్ కంటే పెద్ద తప్పు. అంచులకి వి ఆకారపు డీబర్ పనిముట్టు, ఆ తర్వాత బెంచ్ గ్రైండర్‌కి బిగించిన స్కాచ్-బ్రైట్ చక్రం. నా షెడ్డులో నేను అన్నిటికంటే ఎక్కువగా వాడింది ఏదంటే ఆ ఆరంగుళాల చక్రమే. బ్రాకెట్లు, పక్కటెముకల అంచులు, యాంగిల్ ముక్కలు, అన్నీ దాని దగ్గర నిమిషంలో నున్నగా అవుతాయి. గ్రైండర్‌కి మామూలుగా ఉండే సానరాయి మీద మాత్రం అల్యూమినియం ఎప్పుడూ పెట్టకండి. రాయి సందుల్లో అల్యూమినియం నిండిపోయి, వేడెక్కి, రాయే పగలొచ్చు.

రెక్క పైన, తోక పైన రివెట్ తల రేకుతో సమానంగా కూర్చోవాలంటే పల్చటి రేకుకి డింపుల్ వెయ్యాలి, అంటే బెజ్జం చుట్టూ రేకుని గుంటలా నొక్కాలి. మందం తక్కువున్న చోట కౌంటర్‌సింక్ చేస్తే, అంటే తల పట్టేలా బెజ్జం అంచుని ఏటవాలుగా కోస్తే, రేకు మొత్తం కోసుకుపోయి బెజ్జం అంచు కత్తిలా మిగులుతుంది. 3/32 ఫ్లష్ (తల రేకుతో సమానంగా కూర్చునే) రివెట్‌కి దాదాపు 0.032 అంగుళం కన్నా పల్చగా ఉంటే డింపుల్ చేయడమే పద్ధతి. డింపుల్ డైలు ఒక మగ, ఒక ఆడ జత. వీటి మీద మాత్రం డబ్బు చూసుకోకండి. డై ముఖం మీద వెంట్రుకంత గీత ఉన్నా, అంచు కొంచెం పదునుగా ఉన్నా, ఆ గుర్తు మీ రెక్క మీద వందలసార్లు పడుతుంది, రంగు వేశాక ఎండలో వరసగా కనిపిస్తుంది. పెద్ద రేకుల మధ్యలో డింపుల్ వెయ్యడానికి సీ-ఫ్రేమ్ (రెండు డైలనీ ఎదురెదురుగా పట్టే సీ ఆకారపు చట్రం) కావాలి. సుత్తితో కొట్టే రకం ఉంది, లీవర్ నొక్కే రకం ఉంది. లీవర్ రకం చప్పుడు చెయ్యదు, అన్ని డింపుల్సూ ఒకేలా వస్తాయి. ఖరీదు ఎక్కువ, కానీ పెద్ద రేకులకి తప్ప దానితో పనుండదు కాబట్టి ఎవరి దగ్గరైనా అరువు దొరికితే అడిగి తెచ్చుకోడానికి ఇంతకంటే తగినది లేదు. ఇంకో మాట. సీ-ఫ్రేమ్‌లో డై బెజ్జంలో కూర్చోకముందే సుత్తి పడితే రేకుకి కొత్త బెజ్జం పడుతుంది. ఒకరు రేకు పట్టుకుని, ఒకరు కొట్టే పద్ధతిలో మాటలు చెప్పుకుంటూ చెయ్యకండి.

మందం రేకులకి, స్పార్ అంచులకి కౌంటర్‌సింకే. దానికి మైక్రోస్టాప్ కేజ్ కావాలి, లోతు వెయ్యో వంతు అంగుళాల్లో సెట్ చేసుకోవచ్చు. కటర్ 100 డిగ్రీలదే కావాలి, ఎందుకంటే విమానం ఫ్లష్ రివెట్ తల కోణం 100 డిగ్రీలు. మామూలు హార్డ్‌వేర్ కటర్లు చూడ్డానికి ఇలాగే ఉంటాయి గానీ ఎక్కువగా 82 లేదా 90 డిగ్రీలవి.

ఇక రివెట్లు. మీరు కొట్టేవాటిలో ఎక్కువ ఏడీ రకం, 2117 మిశ్రమం, తల మధ్యలో చిన్న గుంట గుర్తు ఉంటుంది, వేడి చేయక్కర్లేకుండా కొట్టేంత మెత్తగా ఉంటాయి. అంచున ఉండి పట్టుకి అందే ప్రతి రివెట్‌నీ స్క్వీజర్‌తో నొక్కడమే మంచిది, సెట్ చేసి పెట్టుకుంటే నూరో రివెట్ మొదటి రివెట్‌లాగే వస్తుంది. చేతి స్క్వీజరా, గాలి స్క్వీజరా అన్నారు. ముందు చేతిది కొనండి. తోకకి అది చాలు, పైగా రివెట్ నలిగేటప్పుడు ఎంత బలం పడుతోందో చేతికి తెలుస్తుంది, ఆ అనుభవం అవసరం. 1/8 రివెట్లు వరసగా యాభై నొక్కాక భుజం లాగేస్తుంది, అప్పుడు రెక్కల ముందు గాలిది కొనుక్కోండి. పాతది దొరికితే మరీ మంచిది. కొత్తదైనా పాతదైనా, మూడంగుళాల యోక్ (స్క్వీజర్ ముందుండే సీ ఆకారపు దవడ)తో పాటు రెక్క చివరల్లో ఇరుకు చోట్లకి అందే యోక్ ఒకటి తీసుకోండి. గాలి స్క్వీజర్‌కి వేలికీ రివెట్‌కీ తేడా తెలియదు. డై మార్చేటప్పుడు గాలి పైపు తీసేసి మార్చడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

స్క్వీజర్ అందని చోట గన్ను, బకింగ్ బార్. గన్ సైజు 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ తీసుకోండి, ఇంటి విమానాలకి అంతకంటే పెద్దది అక్కర్లేదు. కారు బాడీ పనికి వాడే ఎయిర్ హ్యామర్ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, మీ ఇంట్లో ఉండే ఉంటుంది. దాన్ని ఈ పనికి వాడకండి. అది మరీ వేగంగా కొడుతుంది, ట్రిగ్గర్ మీద అదుపు ఉండదు. రివెట్ గన్ అయితే నలభై పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చుట్టుపక్కల గాలితో, వేలితో సన్నగా నొక్కితే మెల్లగా మొదలై, నొక్కే కొద్దీ బలం పుంజుకుంటుంది. ఫ్లష్ రివెట్లకి రబ్బరు అంచున్న స్వివెల్ సెట్ (గన్ ముందు బిగించే, అటూ ఇటూ వంగే తల) కొనండి, అది రేకు మీద తనంతట తనే సమంగా కూర్చుంటుంది కాబట్టి కొత్తచేతులకి చంద్రవంక ఆకారపు నొక్కులు తక్కువ పడతాయి. సెట్‌ని దేనికీ ఆన్చకుండా ట్రిగ్గర్ నొక్కకండి, స్ప్రింగు విరిగితే సెట్ బుల్లెట్‌లా వెళ్తుంది.

బకింగ్ బార్ టంగ్‌స్టన్‌ది ఒక్కటైనా కొనమనే చెప్తాను. ఉక్కు కంటే రెండింతలకు పైగా సాంద్రత దానిది, అంటే అరచేతిలో ఇమిడే ముక్కకే కావలసిన బరువు వస్తుంది, ఇరుకులోకి చెయ్యి పోతుంది, గన్ దెబ్బకి ఎగరదు. మొదటి రోజుల్లో ఉక్కు బార్ పట్టుకున్నప్పుడు నా రివెట్లు పక్కకు వాలిపోతుంటే తప్పు నా చేతిదే అనుకునేవాణ్ని, టంగ్‌స్టన్ బార్ పట్టుకున్న రోజే సగానికి పైగా సరయ్యాయి.

రివెట్ సరిగ్గా పడిందో లేదో చెప్పేది కన్ను కాదు, గేజ్. వెనకవైపు నలిగిన తల వెడల్పు రివెట్ కాడకి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. 1/8 రివెట్‌కి తల 3/16 అంగుళం వెడల్పు, 1/16 ఎత్తు. ఈ లెక్కకి చిన్న రేకు గేజ్‌లు దొరుకుతాయి, అర్ధచంద్రాకారపు గాట్లతో. ఒకటి జేబులో, ఒకటి బెంచి మీద. పొడవు లెక్క కూడా ఇలాగే ఉంటుంది, బిగించే రేకుల మొత్తం మందానికి కాడ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు కలిపితే కావలసిన రివెట్ పొడవు. చిన్న రివెట్ కట్టర్ ఒకటి ఉంటే పొడవు ఎక్కువైనవాటిని కత్తిరించుకోవచ్చు.

తప్పు పడిన రివెట్‌ని తీయడం కూడా ఇప్పుడే నేర్చుకోవాలి, ఎందుకంటే మొదటి వారంలోనే తీయాల్సి వస్తుంది. తల మధ్యలో గుర్తు చూసుకుని, రివెట్ బెజ్జానికి వాడిన బిట్‌తో గానీ దానికంటే ఒక సైజు చిన్నదానితో గానీ తల లోతు వరకే డ్రిల్లు వేసి, తలని పంచ్‌తో పక్కకి విరిచి, వెనక నుంచి ఆధారం పెట్టి కాడని తట్టి బయటికి తీయాలి. మొత్తం లోపలికంటా డ్రిల్లు వెయ్యకండి, బెజ్జం పాడయ్యేది అక్కడే. ఒకే బెజ్జంలో రెండుసార్లు మార్చినా కుదరకపోతే ఆగి ఆలోచించండి. బెజ్జం కొంచెం పెద్దదైపోయిన చోట ఊప్స్ రివెట్లు అని అందరూ పిలిచేవి పనికొస్తాయి, కాడ ఒక సైజు పెద్దది, తల మాత్రం చిన్నది. ఒక పొట్లం తెచ్చి పెట్టుకోండి. అలాగే, కొద్దిగా వాలిన రివెట్‌ని చూడగానే తీసేయాలని తొందరపడొద్దు. తీయడంలో బెజ్జానికి జరిగే నష్టం ఆ వాలు కంటే ఎక్కువ కావచ్చు. గేజ్ ఒప్పుకుంటే వదిలేయండి.

కారు సామాను గురించి అడిగారు. స్పానర్లు, సాకెట్లు, స్క్రూడ్రైవర్లు నిక్షేపంగా పనికొస్తాయి, అంగుళాల సైజులు ఉన్నాయో లేదో చూసుకోండి, అంతే. బెంచి వైస్ ఉంటే దాని దవడలకి చెక్క గానీ అల్యూమినియం గానీ తొడుగులు పెట్టండి, లేకపోతే ముక్క మీద పళ్ల గుర్తులు పడతాయి. చెక్కపని చేసే బ్యాండ్ రంపం అల్యూమినియాన్ని చక్కగా కోస్తుంది, దానికి వేరే బ్లేడు పెట్టుకుంటే చాలు. కానీ రెండు విషయాల్లో కారు సామాను మోసం చేస్తుంది.

ఒకటి టార్క్ రెంచ్, అంటే బోల్టుని ఎంత బలంతో తిప్పి బిగిస్తున్నామో (టార్క్) కొలిచేది. విమానంలో ఎక్కువగా కనిపించే ఏఎన్3 బోల్టుకి టార్క్ 20 నుంచి 25 అంగుళాల పౌండ్లు. ఏఎన్4కి 50 నుంచి 70. కారు చక్రాలకి వాడే రెంచ్ చాలావాటికి మొదలయ్యేదే పది అడుగుల పౌండ్ల దగ్గర, అంటే 120 అంగుళాల పౌండ్లు. అది క్లిక్ మనేలోపు మీ చిన్న బోల్టు సాగిపోయి ఉంటుంది, చూడ్డానికి మాత్రం గట్టిగా బిగిసినట్టే కనిపిస్తుంది. కాబట్టి అంగుళాల పౌండ్లలో కొలిచే చిన్న రెంచ్ కొత్తది కొనండి, దాని మధ్య పరిధిలోనే ఎక్కువగా వాడండి, పని అయ్యాక స్ప్రింగు వదులు చేసి పెట్టండి. సెల్ఫ్ లాకింగ్ నట్టు ఉంటే అది బోల్టు మీద తిరగడానికే కొంత బలం తీసుకుంటుంది, ఆ బలాన్ని ముందు కొలిచి పుస్తకంలో ఇచ్చిన అంకెకి కలపాలి. బిగించిన ప్రతి నట్టు మీదా టార్క్ సీల్ (ఆరాక గట్టిపడే రంగు పేస్టు) గీత పెట్టండి, ఏది అయింది ఏది కాలేదు అని రాత్రి నిద్రలో లేచి ఆలోచించక్కర్లేదు.

రెండోది ఫ్లేరింగ్ టూల్, పైపు మూతిని గరాటులా విప్పేది. కారు బ్రేకు పైపులకి వాడేది 45 డిగ్రీల ఫ్లేర్ చేస్తుంది, విమానం ఫిట్టింగులకి కావలసింది 37 డిగ్రీలు. రెండూ బిగుస్తాయి, రెండూ కలిసినట్టే అనిపిస్తాయి, లీకు మాత్రం తర్వాత బయటపడుతుంది. ఇంధనం పైపు దగ్గర ఆ తేడా ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. అదృష్టం ఏమిటంటే ఈ పనిముట్టు మీకు చాలా నెలల వరకు అవసరం రాదు. రాచెట్ క్రింపర్, సేఫ్టీ వైర్ పట్టకారు, కేబుల్ స్వేజింగ్ టూల్ (కేబుల్ చివర తొడుగుని నొక్కేది), కేబుల్ సరిగ్గా నొక్కారో లేదో చూసే గేజ్, ఇవన్నీ కూడా అప్పుడే. ఫ్యూజ్‌లేజ్ (విమానం మొండెం) దశకి వచ్చాక కొనండి. క్రింపర్ మాత్రం పూర్తిగా నొక్కేదాకా విడవని రాచెట్ రకమే కొనండి, మామూలు పట్టకారుతో వైరు టెర్మినల్ నొక్కితే ఎంత నలిగిందో మీకే తెలియదు.

కంప్రెసర్ గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. రివెట్ గన్, స్క్వీజర్ గాలి తక్కువే తాగుతాయి, డ్రిల్లు కొంచెం ఎక్కువ. ఎక్కువ గాలి కావలసింది శాండర్‌కి, పెయింట్ గన్‌కి. మీ ఇంట్లో ఓ మోస్తరు ట్యాంకున్న కంప్రెసర్ ఉంటే దానితోనే మొదలుపెట్టండి. నీళ్లు వడకట్టే ఫిల్టర్ తప్పక పెట్టండి, రోజూ ట్యాంకు కింద నీళ్లు వదలండి, పనిముట్లకి పొద్దున్నే రెండు చుక్కల నూనె వెయ్యండి. గన్ దగ్గర చిన్న రెగ్యులేటర్ ఒకటి బిగించుకుంటే ఒత్తిడి మార్చడానికి ప్రతిసారీ కంప్రెసర్ దగ్గరికి నడవక్కర్లేదు.

బల్ల మీరే చేసుకోండి, మీకు చెక్కపని వచ్చు కాబట్టి అది మీకు పెద్ద వరం. బాగా చదునుగా, మెలి లేకుండా ఉండాలి, కాళ్ల కింద సర్దుకునే బోల్టులు పెట్టండి. వంకర బల్ల మీద కట్టిన చుక్కాని వంకరగానే వస్తుంది, రివెట్లు పడ్డాక దాన్ని ఎవరూ సరిచేయలేరు. కొలిచే సామానులో డిజిటల్ కాలిపర్, ఉక్కు స్కేళ్లు, డిజిటల్ లెవల్, దారానికి వేలాడదీసి నిలువు చూసుకునే తూకపు గుండ్లు రెండు మూడు, అంతే. రెక్క బిగించే రోజున డిజిటల్ లెవల్ విలువ తెలుస్తుంది.

షెడ్డులోకి రానివ్వకూడనివి కూడా ఉన్నాయి. పెన్సిల్: అల్యూమినియం మీద గ్రాఫైట్ గీత ఉంటే తేమకి అక్కడ తుప్పు మొదలవుతుంది. మార్కర్ పెన్ను వాడండి. గీతలు పెట్టే స్క్రైబర్ కూడా వద్దు. మీ రేకుకి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర పల్చగా ఉంటుంది, తుప్పు నుంచి కాపాడేది అదే, స్క్రైబర్ గీత దాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. స్టీల్ ఊల్ వద్దు, ఇనుము మీద వాడిన ఆకురాయిని అల్యూమినియం మీద వాడొద్దు, ఇనుప రేణువులు గుచ్చుకుని ఉండిపోతాయి. కొత్త ఆకురాళ్లు ఒక జత తీసుకుని వాటి పిడికి రంగు వేసి వేరుగా పెట్టుకోండి.

చెవులకి మఫ్‌లు, కళ్లకి అద్దాలు ఇద్దరికీ కొనండి. రివెట్ గన్ చప్పుడు షెడ్డులో ఎంత ఉంటుందో విని చూస్తే గానీ తెలియదు, బకింగ్ చేసేవాళ్లకి అది ఇంకా దగ్గర.

అన్నట్టు, ఎప్పుడైనా ఆలోచన మారి ఫోమ్, ఫైబర్‌గ్లాస్‌తో కట్టే విమానం వైపు వెళ్తే ఈ జాబితాలో సగం అక్కర్లేదు, అక్కడ గ్రాము తేడా చూపించే తూకం, చేతి గ్లౌజులు, మంచి రెస్పిరేటర్, షెడ్డు వేడినీ తేమనీ చెప్పే మీటర్లు ముఖ్యం. యూరిథేన్ ఫోమ్‌ని వేడి తీగతో కొయ్యకూడదు, విషవాయువులు వస్తాయి. ఆ తీగ పాలిస్టైరీన్‌కే.

చివరగా మీ ఆవిడ గురించి అడిగారు. ఇద్దరూ కొత్తవాళ్లు కావడం అడ్డంకి కాదు, కలిసి నేర్చుకున్నవాళ్లే బాగా చేస్తారని నా నమ్మకం, మా ఇంట్లోనూ అలాగే జరిగింది. ఎవరికి ఓపిక ఎక్కువో వాళ్లు బార్ పట్టుకోవాలి, గన్ కంటే బార్ దగ్గరే నేర్పు కావాలి. బార్ రివెట్‌కి సమంగా ఆనించాలి, ఎక్కువ నొక్కకూడదు, తల నలిగే కొద్దీ చేతికి తెలిసే మార్పుని గమనించాలి. మఫ్‌లు పెట్టుకున్నాక మాటలు వినపడవు కాబట్టి సైగలు ముందే అనుకోండి. మేం బార్‌తో రేకుని ఒకసారి తడితే సిద్ధం, రెండుసార్లు తడితే ఇంకొంచెం కొట్టు, మూడుసార్లు తడితే ఆపు అని పెట్టుకున్నాం. బార్ ఆనిందన్న సైగ రాకుండా గన్ కొట్టకూడదన్న నియమం మాత్రం ఎప్పుడూ తప్పకండి. బార్ లేకుండా గన్ కొడితే రేకు లోపలికి నొక్కుకుపోతుంది.

తోక పెట్టె విప్పకముందే అల్యూమినియం తుక్కు రేకులు కొన్ని తెచ్చుకోండి. కొనేవాటిలో నేను పైన చెప్పిన డ్రిల్లు, బిట్లు, క్లీకోలు, డీబర్ పనిముట్టు, డింపుల్ డైలు, చేతి స్క్వీజర్, గన్ను, టంగ్‌స్టన్ బార్, గేజ్‌లు ఉంటే మొదలుపెట్టడానికి చాలు. ఆ తుక్కు మీద ఇద్దరూ కలిసి వంద రివెట్లు కొట్టండి, ప్రతిదానికీ గేజ్ పెట్టి చూడండి, పాడైనవి కావాలనే తీయండి, 1/8 రివెట్ తీసిన బెజ్జం నంబర్ 30 బిట్ కాడకి వదులుగా ఉందో బిగుతుగా ఉందో చూడండి. వరసగా ఇరవై రివెట్లు గేజ్‌లో సరిగ్గా కూర్చున్న రోజున పెట్టె విప్పండి. ఆ రోజు ఎన్నో రివెట్ దగ్గర వచ్చిందో నాకు రాయండి, రెక్కలకి ఏం కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.